మూడో లెమ్మా

“ఆ కాగితం ఎక్కడ పెట్టావు?” అన్నాడు కిరణ్ కుమార్.

“ఫ్రిజ్ తలుపు మీద,” అంది రూబీ వంటింట్లోంచే.

“ఫ్రిజ్ మీదా!”

“ఎక్కడైనా పడిపోతుందేమోనని అయస్కాంతం పెట్టి మరీ అతికించాను. పాలప్యాకెట్టు కోసం వెళ్ళినప్పుడల్లా కనబడుతుంది.”

కనబడాలనే అక్కడ పెట్టిందని కిరణ్ కుమార్‌కి తెలుసు. పాతికేళ్ళ కాపురంలో రూబీ అరిచి సాధించినవి తక్కువ, ఇలా ఎదురుగా పెట్టి సాధించినవి ఎక్కువ.

అది సగానికి చింపిన తెల్లకాగితం. మీద కూతురు సారిక చేతిరాత. రెండు చదరపు మాట్రిక్సులు, ఒక్కోదాంట్లో నాలుగేసి అంకెలు. మొదటిదాన్ని రెండోదానితో గుణిస్తే ఒక జవాబు వస్తుంది, రెండోదాన్ని మొదటిదానితో గుణిస్తే ఇంకో జవాబు వస్తుంది. అంతే. ఆ ఎనిమిది అంకెలు గురువారం సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ఎవరినీ సరిగ్గా అన్నం తిననివ్వడం లేదు.

లెమ్మా అంటే పెద్ద సిద్ధాంతం పైకి ఎక్కడానికి ముందు కట్టుకునే మెట్టు. పదమూడేళ్ళ కిందట బీజగణితంలో కిరణ్ కుమార్ రాసిన ఒక వ్యాసంలో అలాంటి మెట్లు అయిదున్నాయి. అందులో మూడోది నిలబడదని కూతురు కనిపెట్టింది. ఏడో పంక్తిలో ‘ఏ, బీ’ అని ఉండాల్సిన చోట ‘బీ, ఏ’ అని తిప్పి రాసేసి, తండ్రి హాయిగా ముందుకెళ్ళిపోయాడు. మామూలు అంకెలకైతే ఫరవాలేదు. రెండు మూళ్ళయినా మూడు రెళ్ళయినా ఆరే. అతను రాసింది మామూలు అంకెల గురించి కాదు, వరస మారితే జవాబు మారిపోయే వాటి గురించి.

“పాలు కాచి తోడేస్తే పెరుగవుతుంది, తోడేసి కాస్తే విరిగిపోతుంది. ఇంతేగా సంగతి?” అని రూబీ గురువారమే తేల్చేసింది. ఆమె పక్క ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తుంది. ‘అవును, అంతే’ అని ఒప్పుకోవడానికి, భీమవరం ఇంజనీరింగ్ కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసరైన ఆమె భర్తకి మర్నాటి దాకా పట్టింది.

ఒప్పుకున్నాక అసలు బాధ మొదలైంది. ఎవరైనా తమ వ్యాసంలో మన వ్యాసాన్ని పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. కిరణ్ కుమార్‌కి ఇన్నేళ్ళలో వచ్చినవి రెండు వందల నలభై ఒకటి. అందులో నూట ఎనభై ఆరు ఈ ఒక్క వ్యాసానివే. సోమవారం ప్రొఫెసరు పోస్టుకి ఇంటర్వ్యూ. కమిటీ పెట్టిన గీత నూట యాభై. వ్యాసం తప్పని, దాన్ని వేసిన జర్నల్‌కి తనే రాసిస్తే చేతిలో మిగిలేవి యాభై అయిదు. అతనికిది మూడో ఇంటర్వ్యూ. మొదటి రెండుసార్లూ తనకన్నా చిన్నవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, అతని చేత అభినందన సభలో మాట్లాడించారు.

అందుకని శనివారం పొద్దున్న పెసరట్టు చల్లారిపోతున్నా అతను కాగితం వెతుకుతూ తిరిగాడు. ఇంకోసారి చూస్తే ఆ అంకెలు మారి ఉంటాయేమోనని ఆశ.

మారలేదు.

సారిక గదిలోంచి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది. ప్రాజెక్టుకి ఏ వ్యాసం తీసుకుంటావని అడిగితే, క్లాసులో అందరి ముందూ గర్వంగా తండ్రి వ్యాసం పేరు చెప్పిన పిల్ల. కళ్ళు వాచి ఉన్నాయి.

“తిను,” అన్నాడు కిరణ్ కుమార్.

“మీరు తిన్నారా?”

“నా సంగతి వదిలెయ్.”

“జర్నల్‌కి రాశారా డాడీ?”

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “చూడమ్మా. సోమవారం పదకొండింటికి ఇంటర్వ్యూ. మంగళవారం పొద్దున్నే నేనే రాస్తాను. ‘ఇటీవల నా దృష్టికి వచ్చిన ఒక పొరపాటు’ అని మర్యాదగా రాస్తాను. నేను రాయననడం లేదు. రెండు రోజులు ఆగమంటున్నాను.”

“అప్పటికి పోస్టు వచ్చేస్తుంది.”

“వస్తే రానీ. సర్వీసులో మిగతా పదేళ్ళూ సరిగ్గా పని చేస్తాను. పదమూడేళ్ళు ఉన్న తప్పు, రెండు రోజుల్లో ఏమైనా పెరుగుతుందా?”

రూబీ ఇంకో అట్టు తెచ్చి కూతురి పళ్ళెంలో వేసింది. భర్త పళ్ళెంలో ఉన్నది చల్లారిపోయిందని తీసేసి, వేడిది పెట్టింది. ఆ ఇంట్లో కోపం వచ్చినంత మాత్రాన తిండి విషయంలో తేడా రాదు.

“మా పిల్లలు కూడా అంతేనండి,” అంది నెమ్మదిగా. “పరీక్ష పేపర్లు ఇచ్చినప్పుడు ఒక్కడూ మాట్లాడడు. మార్కులు రిజిస్టర్లోకి ఎక్కించేశాక వస్తారు, ‘టీచర్, నాకు ఎక్కువ వేసేశారండి’ అని. ఎక్కించకముందే వచ్చి చెప్పేవాడు ఏడాదికి ఒక్కడుంటాడు.”

“వాడికేం చేస్తావు?”

“మార్కులు తగ్గిస్తాను. ఇంకేం చేస్తాను?”

కిరణ్ కుమార్‌కి నవ్వు రాబోయి ఆగిపోయింది.

“సరే డాడీ,” అంది సారిక. “జర్నల్ సంగతి మీ ఇష్టం. కానీ ఆ లెమ్మా వాడుకున్నవాళ్ళుంటారు కదా. వాళ్ళ లెక్కలు కూడా తప్పేగా. వాళ్ళకైనా ఇవాళ చెప్పండి. మీ వల్ల ఇంకెవరూ పాడవకుండా.”

ఈ మాట అతనికి నచ్చింది. సగం పని చేస్తే సగం తప్పు పోయినట్టేనని అనిపించే మనిషి అతను. అలాంటివాళ్ళు చెడ్డవాళ్ళు కారు, రెండో సగం దగ్గరే వాళ్ళతో చిక్కు.

తొమ్మిదింటికి వరండాలో కూర్చుని, ల్యాప్‌టాప్‌లో నూట ఎనభై ఆరు పేర్ల జాబితా తెరిచాడు. సగానికి పైగా తెలిసిన పేర్లే. సెమినార్లలో కలిసి భోంచేసినవాళ్ళు, ఒకరి సదస్సుకి ఒకరు వెళ్ళి శాలువాలు కప్పించుకున్నవాళ్ళు. అందరిలోకీ ఎక్కువసార్లు, అంటే తొమ్మిది వ్యాసాల్లో, అతన్ని పేర్కొన్నది కాకినాడలో ఉన్న సాల్మన్. ముందు అతనికే ఫోను చేశాడు.

“ఆయ్, చెప్పండి సార్! సోమవారం ఇంటర్వ్యూ కదండి. మా ప్రేయర్లో పెట్టాం మిమ్మల్ని.”

“థాంక్సండి. సాల్మన్ గారూ, ఒక ఇబ్బందొచ్చింది. నా పాత పేపర్లో మూడో లెమ్మా ఉంది చూశారూ...”

“ఆయ్.”

“అది తప్పండి. మీరు తొమ్మిది చోట్ల దాన్ని వాడారు. మీ ఫలితాలు ఒకసారి సరిచూసుకుంటారేమోనని.”

అవతల కొంచెంసేపు మాట లేదు. పాపం, కంగారు పడుతున్నాడని కిరణ్ కుమార్ జాలిపడ్డాడు.

“దాన్నెక్కడ వాడానండి నేను?” అన్నాడు సాల్మన్.

“తొమ్మిది పేపర్లలో సైట్ చేశారు కదా.”

“సైట్ చేశానండి. వాడలేదు.” సాల్మన్ గొంతు తగ్గించాడు. “మీకు తెలీనిదేముంది సార్. పరిచయంలో మొదటి పేరాలో, ఫలానా ఫలానావారు ఈ రంగంలో కృషి చేశారు అని పది పేర్లు రాస్తాం కదండి. అందులో మీరొకరు. మీరు నావి రాస్తారు, నేను మీవి రాస్తాను. చదవడానికి టైమెక్కడిదండి, వారానికి పద్దెనిమిది క్లాసులు.”

“ఒక్కసారి కూడా చదవలేదా?”

“మొదటి పేజీ చూశానండి. భలే ఉంది.”

కిరణ్ కుమార్ ఫోను పెట్టేసి కాసేపు గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఇంకొకరికి చేశాడు. ఆపైన ఇంకొకరికి. పన్నెండయ్యేసరికి పదకొండు మందితో మాట్లాడాడు. ఒకాయన ‘ఏ పేపరండీ’ అన్నాడు. ఒకావిడ, ఆ పేరా తన స్టూడెంట్ ఎక్కడినుంచో ఎత్తి పెట్టిందంది. రాజమండ్రిలో రిటైరైన పెద్దిరాజు గారు ఫోనెత్తలేదు. మిగిలినవాళ్ళంతా ఇంటర్వ్యూకి శుభాకాంక్షలు చెప్పారు. మూడో లెమ్మా ఏమిటని అడిగినవాడు లేడు.

రూబీ మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

“ఎవరికీ నష్టం లేదు రూబీ,” అన్నాడు. “ఎవరూ చదవలేదు.”

“మంచిదేగా.”

“మంచిదే.”

పదమూడేళ్ళుగా నెలకోసారి ఆ అంకె పెరిగిందేమోనని చూసుకున్నాడు. వంద దాటిన రోజు ఇంట్లో బిర్యానీ వండించుకున్నాడు. ఎక్కడో ఎవరో దీపం ముందు కూర్చుని తన పంక్తులు ఒక్కొక్కటీ చదువుతున్నారని ఊహించుకుని సంతోషించిన మనిషి. ఇప్పుడతనికి ఏడుపొచ్చినంత పనయింది. తప్పు చేసినందుకు కాదు, ఆ తప్పు పట్టుకునేంత దగ్గరికి కూడా ఎవరూ రానందుకు.

రూబీ పక్కనే మెట్టు మీద కూర్చుంది. “క్రిస్మస్‌కి మనం వీధిలో గిన్నెలతో అరిసెలు పంపుతాం కదండి. వాళ్ళు ఆ గిన్నె ఖాళీగా పంపకూడదని ఏదో ఒకటి వేసి పంపుతారు. పోయినేడు ఒకావిడ మన అరిసెలే మళ్ళీ మన గిన్నెలో వేసి పంపించింది. ఇదీ అంతేలా ఉంది.”

“నేనూ అంతే చేశాను,” అన్నాడు అతను. “సాల్మన్ పేపర్లు నేనూ చదవలేదు.”

ఈ మాట గట్టిగా అనడం అదే మొదటిసారి. అన్నాక కొంచెం తేలికపడ్డాడు. తేలికపడగానే మనసు మళ్ళీ సోమవారం మీదకి వెళ్ళింది.

“చూశావా మరి. ఎవరికీ హాని జరగనప్పుడు, మంగళవారం రాసినా ఒకటే, వచ్చే నెల రాసినా ఒకటే. నేనిప్పుడు రాసి ఎవరిని కాపాడతాను?”

రూబీ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె నోట మాట లేదంటే ఒప్పుకోలేదని అర్థం. కానీ అతనిప్పుడు ఆ అర్థం తీసుకునే స్థితిలో లేడు.

భోజనాల దగ్గర అతను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. సారికతో చేపల పులుసు బాగుందన్నాడు. ఆ పిల్ల తల ఊపింది. వాదించడానికి ఆమె దగ్గరున్న ఒకే ఒక్క మాట, ‘మీ వల్ల ఇంకెవరూ పాడవకుండా’ అన్నది, పొద్దున్నే చెల్లకుండా పోయింది.

చెయ్యి కడుక్కుంటుండగా ఫోను మోగింది. పెద్దిరాజు గారు.

“మిస్డ్ కాల్ చూశానండి కిరణ్ గారూ. ఏంటి విశేషం?”

కిరణ్ కుమార్ పన్నెండోసారి అదే పాఠం అప్పజెప్పాడు. ఈసారి మధ్యలో కంగారు లేదు.

పెద్దిరాజు గారు చివరిదాకా విన్నారు. తర్వాత, “మూడోదేనా?” అన్నారు.

“అవునండి.”

“ఏడో లైనా?”

కిరణ్ కుమార్ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. “మీకెలా తెలుసండి?”

“నాకు తెలీదండి. మా అమ్మాయి చెప్పింది. అంటే కూతురు కాదు, నా దగ్గర పీహెచ్‌డీకి చేరిన పిల్ల. సహస్ర అని, కోనసీమ పిల్ల, పౌరోహిత్యం చేసుకునేవారమ్మాయి. మీ పేపర్ని ఆధారం చేసుకుని పని మొదలెట్టింది. ఆ మూడో లెమ్మా దగ్గర ఆగిపోయింది. ఆర్నెల్లు కూర్చుందండి దాని మీద. ఏడో లైను కుదరట్లేదండీ అని రోజూ వచ్చేది.”

“మీరేమన్నారు?”

“ఏమంటానండి. నూట యాభైమంది ఒప్పుకున్నదాన్ని నువ్వొక్కదానివే కాదంటున్నావా, ముందు బేసిక్స్ సరిగ్గా చూసుకో అన్నాను. నేను మాత్రం చదివానా ఏంటి?” ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. “ఆ తర్వాత కొన్నాళ్ళకి మానేసిందండి. నాకు అంత బుర్ర లేదండి అని చెప్పి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళయింది.”

“ఇప్పుడెక్కడుందండి?”

“మీ ఊళ్ళోనే. ఉండి ఊరికెళ్ళే రోడ్డులో ఏదో ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో చేస్తోందని విన్నాను.”

సారిక చెవిలో పడాల్సింది పడనే పడింది. ఆమె అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. “నేనూ వస్తాను డాడీ,” అంది. అతను వద్దనలేదు.

ఫ్యాక్టరీ ముందు రొయ్యల వ్యాన్లు వరసగా ఆగి ఉన్నాయి. చెక్కబల్ల మీదుగా ఐసు దిమ్మలు జారి వచ్చి మరలో పడుతుంటే, ముక్కలవుతున్న చప్పుడుకి మాట వినబడడం లేదు. నేలంతా తడి. కిరణ్ కుమార్ ప్యాంటు అంచులు పైకి మడుచుకుని, కూతురి చెయ్యి పట్టుకుని ఆఫీసు గదిలోకి నడిచాడు.

కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయికి ముప్ఫై లోపు ఉంటాయి. ఒక డ్రైవరుకి చీటీ రాసిచ్చి, తలెత్తి చూసి, గబుక్కున లేచి నిలబడింది.

“నమస్తే సార్. మీరు కిరణ్ కుమార్ గారు కదండి!”

“సహస్రవి నువ్వేగా అమ్మా? నన్ను గుర్తు పట్టావా?”

“సెమినార్లో చూశానండి. చివరి వరసలో కూర్చున్నాను. కూర్చోండి సార్.” ఆమె కుర్చీ మీది ఫైళ్ళు తీసి కింద పెట్టింది.

అతను కూర్చోలేదు. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాట ఆగితే మళ్ళీ రాదని భయం.

“నీకో సంగతి చెప్పడానికి వచ్చాను. నీ బుర్రలో ఏ లోపమూ లేదు. ఆ లెమ్మానే తప్పు. నేను పొరబడ్డాను. నీకు కుదరలేదంటే అది కుదిరేది కాదు కాబట్టి.”

చెప్పేశాక అతనికి ఛాతీలో బరువు దిగింది. ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చి, తన కూతురంత పిల్ల ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. ఎంతమంది చేస్తారీ పని? లోలోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. దాచడమెందుకు.

సహస్ర మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

“చదివారా సార్! ఇన్నాళ్ళకి చదివారా!”

“ఏంటమ్మా చదివింది?”

“నా మెయిలండి.”

బయట మర ఆగింది. దిమ్మ అడ్డం పడినట్టుంది, ఎవరో కేకలేస్తున్నారు.

“ఏ మెయిల్?” అన్నాడు కిరణ్ కుమార్.

ఆమె అతని వంకా సారిక వంకా చూసింది. విచ్చుకున్న మొహం మెల్లగా మామూలైపోయింది. “ఏడో లైను దగ్గర వరస మారిందని రాశాను సార్. అది నిలబడని ఉదాహరణ కూడా మూడు పేజీల్లో రాసి పంపాను. పెద్దిరాజు గారు నమ్మలేదని మీకే పంపాను. నాలుగేళ్ళయిందండి.”

“నాకు రాలేదమ్మా. వచ్చుంటే నేను...”

“వచ్చింది సార్. మీరు జవాబిచ్చారు.”

తప్పు పట్టినట్టు కాదు, ఐసు లోడు ఎన్నింటికి వెళ్ళిందో చెప్పినట్టు చెప్పింది. ఫోను తీసి, వెతికి, అతని చేతికిచ్చింది. సారిక తండ్రి భుజం మీద చెయ్యి వేసి తొంగి చూసింది.

పొద్దున్న పదీ నలభై రెండుకి సహస్ర పంపిన మెయిల్. పదీ నలభై నాలుగుకి అతని జవాబు. ‘నా పరిశోధన పట్ల మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు. మీ తదుపరి వ్యాసాల్లో ఈ కింది వ్యాసాలను కూడా ఉదహరించగలరని మనవి.’ దాని కింద పదకొండు వ్యాసాల జాబితా. ఎవరు ఏ మెయిల్ పంపినా అతను కాపీ చేసి అంటించే జాబితా అది. అందులో మొదటిది ఆ వ్యాసమే.

రెండు నిమిషాలు. సారిక అతని భుజం మీదున్న చెయ్యి తీసేసుకుంది.

“అది చూశాక, నేనే ఎక్కడో పొరబడి ఉంటాననుకున్నానండి,” అంది సహస్ర. “తప్పు నిజమైతే అంత పెద్దాయన అంత తేలిగ్గా తీసుకోరు కదా అని. తర్వాత మానేశాను.”

కిరణ్ కుమార్ కూర్చున్నాడు. మంగళవారం రాయాలనుకున్న ఉత్తరంలోని మొదటి మాట గుర్తొచ్చింది. ‘ఇటీవల నా దృష్టికి వచ్చిన’. ఇక ఆ మాట రాయలేడు. ఇప్పుడు నిజం రాయాలంటే నాలుగేళ్ళ కిందటే తెలియజేశారని రాయాలి, ఎవరు తెలియజేశారో రాయాలి, తను ఏం జవాబిచ్చాడో కూడా రాయాలి. రాయకపోతే, ఆ జవాబు తేదీతో సహా ఈ అమ్మాయి ఫోన్లో ఉంది. ఈ అమ్మాయి ఎవరికీ చూపించదు. అది తెలిసే కొద్దీ అతనికి ఇంకా సిగ్గేసింది.

“నన్ను క్షమించమ్మా,” అన్నాడు.

బయట మర మళ్ళీ తిరగడం మొదలెట్టింది. సహస్ర ఫోను తీసుకుని, ఆ మూడు పేజీలు తెరిచి, మళ్ళీ అతని ముందు బల్ల మీద పెట్టింది.

“ఇందులో నేను రాసింది కరెక్టో కాదో నాకింతవరకూ ఎవరూ చెప్పలేదు సార్,” అంది. “ఇప్పుడు చదువుతారా?”